నీలిరంగు పూసిన బోరింగు

ఆ బోరింగుకు నీలిరంగు వేయించింది నేనే. రంగుడబ్బా కాలేజీ డబ్బుతో కొన్నాం, బ్రష్షు మా పిల్లలు పట్టారు. ‘ఇవి తాగండి’ అని తీర్పు చెప్పిన నోరు మాత్రం నాది. ఆ మాట నమ్మి ఒక వాడ వాడంతా ఎనిమిది నెలలు ఆ నీళ్ళే తాగింది.

2004 జనవరి. అప్పుడు నేను నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నాను. ఎన్నెస్సెస్ క్యాంపుకని వారం రోజులు ఒక ఊళ్ళో మకాం పెట్టాం. అంతకు ముందు క్యాంపుల్లో మేం చేసిందల్లా తుమ్మచెట్లు కొట్టడం, బడిగోడలకు సున్నం వేయడం. ఈసారి సబ్జెక్టుకు అక్కరకొచ్చే పని చేయిద్దామని నాకు ఉబలాటం. ఊరి నీళ్ళు పరీక్ష చేద్దామన్నాను. బడి వరండాలో రెండు బెంచీలు జోడించి, మీద పాత దినపత్రికలు పరిచి, బ్యూరెట్టు నిలబెట్టేసరికి సగం ఊరు వచ్చి చుట్టూ చేరింది.

ఆ ఊళ్ళో తాగడానికి రెండే ఆధారాలు. నడివాడలో పాత చేదబావి. దాన్ని అందరూ ఉప్పునీళ్ళ బాయి అంటారు. రెండోది హనుమాండ్ల గుడి పక్కన బోరింగు. బావినీళ్ళు యాభై మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసి, ముక్కు మండే అమ్మోనియా బఫర్ కలిపి, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టి వేశాం. ద్రాక్షసారా రంగు వచ్చింది. పైనుంచి ఈడీటీఏ చుక్క చుక్కగా వదిలితే, 32 మిల్లీలీటర్లు దిగితే గాని ఆ ఎరుపు నీలంగా మారలేదు. అంటే కఠినత్వం లీటరుకు 640 మిల్లీగ్రాములు. ప్రమాణాల్లో, వేరే దిక్కు లేనప్పుడు ఒప్పుకొనే హద్దే 600. బోరింగు నీళ్ళకు 4 మిల్లీలీటర్లు సరిపోయాయి, కఠినత్వం 80. టీడీఎస్ పెన్ను ముంచితే బావికి 1380, బోరింగుకు 430. బోరింగు నీళ్ళతో సబ్బు రుద్దితే చేతినిండా నురగ. ఆ నీళ్ళలో పప్పు చిటికెలో ఉడుకుతుందని ఆడవాళ్ళే సాక్ష్యం చెప్పారు.

ఇంకేం కావాలి? నాలోని మేష్టారు ఉప్పొంగిపోయాడు. బావి గట్టుకు ఎర్రరంగు, బోరింగుకు నీలిరంగు వేయమన్నాను.

అప్పుడే ఇద్దరు నన్ను ఆపబోయారు.

ఒకరు మా ఆఖరి సంవత్సరం అమ్మాయి. ‘ఫ్లోరైడ్ చూడొద్దా సర్?’ అంది. చూడాలంటే స్పాడ్న్స్ రంగు కావాలి, అది మా స్టోర్లో అయిపోయి చాన్నాళ్ళయింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి, ‘మొత్తం లవణాలే 430 ఉంటే అందులో ఫ్లోరైడ్ ఎంతుంటుందమ్మా! అదంతా మర్రిగూడ, మునుగోడు వైపు కథ’ అన్నాను. నేనన్నది పచ్చి తప్పని కాసేపు కూర్చుని లెక్క వేసుకుంటే నాకే తెలిసేది. టీడీఎస్ పెన్ను కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో అంతే. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి లవణాల బరువుగా చూపిస్తుంది. 430లో 4 అంటే నూటికి ఒకటి. ఆ ఒక్కటి ఉప్పో విషమో పెన్నుకు తెలియదు. ఈ రోజుకీ ఆ పెన్ను జేబులో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మే కుర్రాళ్ళను చూస్తే నాకు కోపం రాదు, సిగ్గేస్తుంది. వాళ్ళకు జీతం ఇచ్చి చెప్పిస్తున్న మాటనే నేను ఉచితంగా చెప్పాను.

రెండోది ఒక ముసలవ్వ. ఖాళీ బిందె నడుముకు ఆనించుకుని చాలాసేపు మా తతంగమంతా చూసింది.

‘సారూ, గా బోరింగు నీళ్ళు తియ్యగనే ఉంటయ్. గని అవి తాగెటోళ్ళ నడుములే వంగుతున్నయ్. జర జూడుండ్రి’ అంది.

‘అవ్వా, నీళ్ళల్ల ఏమున్నదో మిషన్ చెప్తది’ అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ అమ్మాయి మాత్రం నా మాటతో తృప్తి పడలేదు. ప్లాస్టిక్ సీసాలో బోరింగు నీళ్ళు పట్టి దాచుకుంది. డిగ్రీ అయ్యి ఎమ్మెస్సీకి వెళ్ళాక, ఆ ఊరికి మళ్ళీ పోయి తాజాగా ఇంకో సీసా పట్టుకుని, తన ల్యాబులో రెండూ చూసి సెప్టెంబరులో నాకు ఉత్తరం రాసింది. ‘సర్, 4.2 వచ్చింది. మూడుసార్లు చేశాను.’ ఉత్తరమంతా అంతే. హద్దు 1 మిల్లీగ్రాము, మరీ గత్యంతరం లేకపోతే 1.5.

మొదట నేను చేసిన పని ఆ పిల్ల చేతిని అనుమానించడం. ఆదివారం బస్సెక్కి ఆ ల్యాబుకు పోయి నా కళ్ళముందే చేయమన్నాను. జిర్కోనియం, స్పాడ్న్స్ కలిసిన ఎర్రటి ద్రావణం అది. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని లాక్కుపోతే ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. పక్కనే పెట్టిన స్వేదనజలం గొట్టం మందారంలా ఉంది. మా బోరింగు గొట్టం నాలుగుసార్లు ఉతికిన చీరలా ఉంది. మీటరు చూడనక్కర్లేకపోయింది.

తిరుగు బస్సులో నన్ను తొలిచింది ఆ 4.2 కాదు. కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం. ఏటా బోర్డు మీద నేనే వేసే లెక్క అది. నీళ్ళలో కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ ఒక హద్దు దాటి కలిసి నిలవలేవు, దాటితే కాల్షియం ఫ్లోరైడుగా అడుక్కు దిగిపోవాలి. చిన్నాచితకా సవరణలు పక్కన పెట్టి లెక్క కడితే, ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు నిలవాలంటే కాల్షియం సుమారు 30 మిల్లీగ్రాములకు మించకూడదు. అంటే ఫ్లోరైడ్ పేరుకోవడానికి అనువైన చోటు మెత్తటి నీళ్ళే. కాల్షియం 150 ఉన్న ఉప్పునీళ్ళ బావిలో అది 2 దగ్గరికి వచ్చేసరికే అడ్డుకట్ట పడుతుంది. నేను ఏ గుణం చూసి నీలిరంగు వేయించానో, ఆ గుణమే అనుమానించాల్సిన గుర్తు.

మా నేలంతా గ్రానైటు. అందులోని నల్ల అభ్రకంలో, అపటైటులో, ఫ్లోరైటులో ఫ్లోరిన్ దాగి ఉంటుంది. వానతో దిగిన నీరు ఆ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నానుతుంది. నానేకొద్దీ బైకార్బొనేటు పెరుగుతుంది, కాల్షియం కొంత సున్నపుగడ్డలుగా కట్టుకుపోతుంది, కొంత బంకమట్టికి అంటుకుని బదులుగా సోడియాన్ని వదులుతుంది. కాల్షియం పోయిన నీటికి రాతిలోంచి ఫ్లోరైడును లాగే దారి తెరుచుకుంటుంది. అందుకే ఇక్కడ లోతు బోరు తియ్యగా ఉందంటే సంబరపడే ముందు ఒకసారి ఆగాలి. అలాగని ఉప్పునీళ్ళన్నీ మంచివని చెప్పడం లేదు. ఆ తప్పు కూడా చేశాను, వస్తున్నాను.

మన తెలుగునేల మీద ఇది కొత్త ముచ్చటేం కాదు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి ప్రాంతాన్ని చూసి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, దానికి మా జిల్లా పేరే పెట్టింది. ‘నల్లగొండ పద్ధతి’ అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. రెండు మార్కుల ప్రశ్న. దాన్ని ఏటా పరీక్షలో అడిగేవాణ్ణి.

ఆ వారమే ఊరికి వెళ్ళాను. సర్పంచి ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి, నేను చెప్పింది తప్పు, ఆ నీళ్ళు తాగొద్దు అన్నాను. ‘కాగబెట్టుకోని తాగితే?’ అని ఒకాయన అడిగాడు. క్యాంపులో నేనే చెప్పి ఉన్నాను, అనుమానముంటే కాచి చల్లార్చుకోండి అని. కాస్తే ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది, ఉన్న కాస్త కాల్షియం సుద్దగా గిన్నెకు పట్టుకుంటుంది. అక్కడ కూర్చున్న ఒక చిన్నపిల్లాడి పళ్ళమీద గార చూశాను. ఎనిమిది నెలల్లో వచ్చే గార కాదది, ఎనామిల్ ఏర్పడే వయసులో ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. అంటే నేను వెళ్ళకముందు నుంచే ఉంది. క్యాంపులో వారం రోజులు ఆ పిల్లలతోనే ఆడాను. వాళ్ళు నవ్వినప్పుడల్లా కనబడే ఉంటుంది.

బోరింగుకు ఎర్రరంగు వేశాం, బావికి నీలం. మళ్ళీ తొందరే. బావిలో ఫ్లోరైడ్ 0.9 అని తెలియగానే ప్రాణం లేచివచ్చి, ఇంకేదీ చూడలేదు. ఈసారి ఆపింది మా స్టాఫ్‌రూములోని జువాలజీ ఆయన. ‘బావి పక్కన ఏముందండీ?’ అన్నాడు. పెంటకుప్ప ఉంది, రెండు పశువుల కొట్టాలున్నాయి. నైట్రేటు పరీక్ష చేయిస్తే 70 వచ్చింది. హద్దు 45, దానికి సడలింపు లేదు. పసిపిల్లల పాలలో ఆ నీళ్ళు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలిబారుతుంది.

అంటే ఊళ్ళో ఉన్నవి రెండే నీళ్ళు, ఒక్కటీ తాగేది కాదు. ‘మరేం తాగాలె?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పిల్లల చేత బకెట్లలో పటిక, సున్నం కలిపించి చూశాను. పని చేసింది. కానీ నీటి క్షారతను బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున మడ్డి పారబోయాలి, రోజూ చేయాలి. నెల తిరిగేసరికి బకెట్లలో బట్టలు నానుతున్నాయి. నేను వాళ్ళను తప్పు పట్టను. పొద్దున్నే పత్తి ఏరబోయే మనిషి ఇంటికొచ్చి కెమిస్ట్రీ ప్రాక్టికల్ చేయాలనుకోవడం నా అమాయకత్వం.

జవాబు ముసలవ్వ దగ్గర ఉంది. మూడోసారి వెళ్ళినప్పుడు మిషన్ తీయకుండా ఆమె అరుగు మీద కూర్చున్నాను.

‘ఈ బోరింగు రాకముందు ఏం తాగేటోళ్ళవ్వా?’

‘చెరువు కట్ట కింది బాయి నీళ్ళు బిడ్డా. మా అత్త అర్ధకోసు నడిచి తెచ్చేది. బోరింగు పడ్డంక ఎవలు పోతరు అంత దూరం?’

ఆ బావి ఇంకా ఉంది, సగం తుంగ మొలిచి. చెరువులో నీరున్నన్నాళ్ళూ కట్ట కిందికి ఊరుతుంటుంది. వాననీరు, రాయిలో ఎక్కువకాలం నానని నీరు. ఈసారి చూడాల్సినవన్నీ చూశాం. ఫ్లోరైడ్ 1.1, నైట్రేటు 12, కఠినత్వం 240. బ్యాక్టీరియా ఉంది, దానికి బ్లీచింగ్ పౌడరు చాలు. వేసవిలో చెరువు ఎండితే మళ్ళీ చూడాలని కూడా రాసుకున్నాం. తాగడానికి, వంటకు కట్ట కింది నీళ్ళు. బట్టలకు, స్నానాలకు బోరింగు. పశువులకు ఉప్పునీళ్ళ బావి. పూడిక తీయించి పైపు వేయించడానికి పంచాయతీకి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఆ ఊరికి నల్లాల్లో నదినీళ్ళు వస్తున్నాయనుకోండి, అది వేరే సంగతి.

ఆ మూడోసారి కూడా రంగుడబ్బాలు తీసుకుపోయాం. పిల్లలు బ్రష్షులు నానబెడుతుంటే అవ్వ బిందె చంకనెత్తుకుని వచ్చి నా ముందు నిలబడింది.

‘ఈపారి ఏం రంగేస్తరు సారూ?’