మా మరిది చెప్పుల బిల్లు

విన్నారా వదినగారూ, మా మరిది ప్రోగ్రామరయ్యాడు! నవ్వకండి. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణంలో లెక్కలు రాస్తాడు కదా, ఎప్పుడో ఓ ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కానేట్కర్ గారి ‘లెట్ అస్ సి’ అనే ప్రోగ్రామింగ్ పుస్తకం బేరమాడి తెచ్చుకున్నాడు. మూడో అధ్యాయం దాటితే ఒట్టు. ఇప్పుడు ఏఐకి తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెబుతుంటే అదే కోడు రాసిపెడుతోంది. సైజూ ధరా కొడితే బిల్లొస్తుంది, ఏ సైజులో ఎన్ని జతలు మిగిలాయో కనిపిస్తుంది. జనవరిలో నాంపల్లి నుమాయిష్ స్టాల్లో కార్బన్ కాగితాల పని లేదంటున్నాడు.

ఇలా మాటలతో ప్రోగ్రాం చేయించుకోవడానికి 2025 ఫిబ్రవరిలో ఆంద్రేయ్ కర్పాతీ అనే ఆయన ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టాడట. కోడు చూడకుండా ఊఁ కొట్టుకుంటూ పోవడమే. అక్కడే వచ్చింది తంటా.

చెప్పుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతం, దాటితే 18. ఈ ప్రోగ్రామేమో 800 రూపాయల జతకి 12 శాతం వేసి కూర్చుంది! ఏఐ చదివింది పాత రేట్లాయె. రోజూ బిల్లులు కొట్టే మనిషి కాబట్టి పట్టేశాడు. చెప్పగానే వినయంగా దిద్దింది. మావాడు ఊరుకుంటాడా? పన్ను కలపకముందు ధర సరిగ్గా 2500 ఉన్న జత కొట్టి చూశాడు. 125 పడాల్సిన పన్ను 450 పడింది. కోడులో ‘కంటే తక్కువ’ గుర్తు పక్కన ‘సమానం’ గుర్తు పెట్టలేదట. అంతే, కస్టమర్ నెత్తిన 325!

చెయ్యి తిరిగిన ప్రోగ్రామర్లకీ ఏఐతో పని అంత తేలికేం కాదట. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులకి, వాళ్లకి అలవాటైన ప్రాజెక్టుల్లోనే పరీక్ష పెడితే, ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లేమో త్వరగా అయిందనుకున్నారు! మా మరిది సంగతి వేరు. అది లేకపోతే ఈ జన్మకి ప్రోగ్రాం రాసేవాడా? కానీ కౌంటర్ దగ్గర కూర్చున్న అనుభవమే గట్టెక్కించిందంటాను. జీఎస్టీ గొడవ తెలియని కుర్రాడైతే ఆ బిల్లే ఇచ్చి పంపేవాడు.

మీ అబ్బాయీ ఇలా బిల్లు ప్రోగ్రాం మొదలెట్టాడన్నారుగా, ఇప్పటి రేట్లతో చేత్తో రాసిన బిల్లు బుక్కు ముందేసుకుని ఓ పది బిల్లులు సరిచూసుకున్నాకే దుకాణంలో పెట్టమనండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు మాత్రం ఆ ఏఐకి ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి.