మోగని ఘంటీ

మా అమ్మీకి మతిమరుపు జబ్బు. అర్ధరాత్రి లేచి "మైకే జానా" అంటూ బయల్దేరుతుంది. అందుకే దర్వాజాకి అయస్కాంతం, చౌఖట్‌కి రీడ్ స్విచ్, రెండు పెన్సిల్ సెల్లు, బీసీ547 ట్రాన్సిస్టర్, బజర్‌తో ఘంటీ కట్టాను. నెల తిరిగేసరికి ఓ రాత్రి అది మోగలేదు. ఫజర్‌కి లేస్తే మంచం ఖాళీ. గల్లీ చివర దొరికింది, అల్హందులిల్లాహ్.

మోగకుండానే సెల్లు ఎలా అయిపోయాయి? హిసాబ్ వేశాను. తలుపు మూసి ఉన్నంతసేపూ వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్, రీడ్ స్విచ్ గుండా 3 మిల్లీ ఆంపియర్లు పోతూనే ఉన్నాయి. బడిలో మేం 'బర్కీ రౌ' అని చదువుకున్న కరెంటే! రోజుకి 72 మిల్లీ ఆంపియర్ అవర్లు; సెల్లులో ఉండేది సుమారు 2000. రెసిస్టర్ బాగా పెంచితే బేస్‌కి తన్ఖా చాలదు, బజర్ గొంతు పెగలదు.

మాస్‌ఫెట్ గేటుకి వోల్టేజీ చూపిస్తే చాలు, నిలకడగా కరెంటు అడగదు. అయితే 2ఎన్7000లో కొన్ని 3 వోల్టుల దాకా కళ్లే తెరవవు. 2.5 వోల్టులకే బాగా తెరుచుకునే ఏఓ3400 తెచ్చి, రెసిస్టర్‌ని పది లక్షల ఓమ్‌లకి మార్చాను. ఇప్పుడు పహరా ఖర్చు 3 మైక్రో ఆంపియర్లు, వెయ్యో వంతు.

నిన్న రాత్రి మోగింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"మైకే జానా" అంది.

"సుబహ్ జాయేంగే అమ్మీ" అన్నాను.