రాత్రిళ్లు లేచే పసిబిడ్డ

ఇందిరా పార్కు బెంచీల మీద, దోమలగూడ అపార్ట్‌మెంట్ల లిఫ్టుల దగ్గర బాలింతకు దొరికే సలహాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, "మావాడూ అంతేనమ్మా, మూడో నెల దాటాక సర్దుకున్నాడు" అన్న మాట. అది ఉత్త ఓదార్పు కాదు. పుట్టిన బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు, ఆ లయ కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పొట్ట చిన్నది, తల్లిపాలు త్వరగా అరుగుతాయి, అందుకే రెండు మూడు గంటలకోసారి లేస్తుంది. "పాలు చాలడం లేదేమో" అని తల్లిని అనుమానించే ముందు ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలియాలి.

అదే నోటితో "కాస్త వస అరగదీసి నాకించు, బోర్లా పడుకోబెట్టు" అన్నప్పుడు మాత్రం ఆగాలి. మా పిల్లలు అలాగే పెరగలేదా అంటారు. పెరిగారు, నిజమే. కానీ బిడ్డ దక్కని తల్లులు సలహా చెప్పడానికి ముందుకు రారు కదా! బోర్లా పడుకోబెట్టమని ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లే చెప్పేవారు. 1994లో వెల్లకిలా పడుకోబెట్టండని అక్కడ ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా పోయే శిశువుల సంఖ్య కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గింది. ఇక వస సంగతికొస్తే, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. జోలపాటకు, ఎత్తుకుని తిప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాలకు కూడా లేవకుండా పసికందు మత్తుగా పడుకుంటే మాత్రం మంచి నిద్రని మురిసిపోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.