గుంజకాడ నిలవని బర్రె

మనూర్ మండలంలో మంజీర వైపున్న ఒక ఊరు. 2024 వానాకాలం. ఇళ్ళల్లో కరెంటు ఎక్కడ ఎంత కాలుతోందో చూసి లెక్కగట్టి చెప్పడం నా పని. ఆ ఏడు మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడిన తెల్లకార్డు ఇళ్ళకు జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే బిల్లు మొత్తం కట్టాలి. ఆ ఊళ్ళో ఒక ఇంటికి జులైలో 228 యూనిట్లు వచ్చాయి. చూడమని పిలిచారు.

వాకిట్లోకి అడుగుపెట్టాకగాని క్లాంప్ మీటరు బ్యాటరీ అయిపోయిందని తెలియలేదు. ముందురాత్రి చూసుకోలేదు. వెనక్కి వెళ్ళడానికి మొహం చెల్లక ఫారం పట్టుకుని లోపలికి పోయాను. మూడు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. ఫ్రిజ్జు, టీవీ, బల్బులు. ఎంత కూడినా 150 యూనిట్లు దాటలేదు. తక్కిన ఎనభై దాకా ఎటుపోయాయి? ఫ్యాన్ల గంటలు పెంచి, ఫ్రిజ్జు గంటలు పెంచి సరిపెట్టాను. అది నేను చేసిన తప్పు.

ఇంకోటి కూడా ఉంది. నేను రాసుకుంటుంటే గడప మీద కూచున్న అవ్వ అన్నది: "బిడ్డా, మా బర్రె ఆ గుంజకాడ నిలవడ్తలేదు. కట్టేస్తే అటే గుంజుకుంటున్నది. పాలు గూడ తగ్గిచ్చింది." నేను తల ఊపాను. నా ఫారంలో బర్రెకు గడి లేదు. కొట్టం వైపు చూడకుండానే వచ్చేశాను.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది. రాత్రంతా వాన. బర్రె గుంజ దగ్గరే పడి చచ్చిపోయింది.

నేను వెళ్ళేసరికి మెయిన్ ఆపేసి ఉన్నారు. ఆ గుంజ ఒక ఇనుప పైపు. దాని మొదట్లో తవ్వితే జానెడు లోతున వైరు అతుకు బయటపడింది. చుట్టిన టేపు నల్లగా కాలి, ముట్టుకుంటే బూడిదలా రాలింది. కొట్టంలో బల్బుకు స్విచ్చు ఉంది, కానీ అతుకు స్విచ్చుకు ముందే ఉంది. బల్బు ఆపినా మట్టిలోకి కరెంటు పోతూనే ఉంది. పశువు ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ. తడినేలలో కరెంటు మనకంటే దానికే గట్టిగా తగులుతుంది. పాపం, అది వారాల నుంచి చెబుతూనే ఉంది.

అతుకును నేలకు తగలకుండా పైకెత్తి పెట్టే ముందు ఒక్కసారి లెక్క చూడాలనిపించింది. అందర్నీ దూరం జరిపి, ఇంట్లో అన్నీ కట్టేసి, ఫ్రిజ్జు ప్లగ్గు తీసి, మెయిన్ వేయించాను. మీటరు మీద ఎర్రలైటు మినుక్కుమంది. గడియారం పట్టుకుని లెక్కపెట్టాను, నిమిషానికి 6 సార్లు. ఆ మీటరు మీద 3200 అని రాసి ఉంది, అంటే అన్నిసార్లు మినుక్కుమంటే ఒక యూనిట్టు. రోజుకు 2.7, నెలకు 81. నేను ఫ్యాన్ల మీద వేసిన యూనిట్లు ఇవే. అర ఆంపియరు లీకేజీ, 5 ఆంపియర్ల ఫ్యూజు ఎందుకు పోతుంది? 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే బ్రేకరు ఉంటే ఎప్పుడో తెలిసేది.

అవ్వ నన్ను తిట్టలేదు. "నీకు చెప్పిన గద బిడ్డా" అన్నది, అంతే. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళాలన్నా ముందురాత్రే కూచుంటాను. టెస్టరును మా ఇంటి ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూస్తాను. క్లాంప్ మీటరులో కొత్త బ్యాటరీ వేస్తాను. రబ్బరు అడుగు బూట్లు, టార్చి తీసి గుమ్మం దగ్గర పెడతాను. పాత బిల్లులు తీసి ఉంచమని, ఇంట్లో ఆడవాళ్ళు ఉండే పొద్దు చెప్పమని ఫోను చేస్తాను, ఎందుకంటే నల్లా జివ్వుమంటుందో లేదో, పశువు ఎటు గుంజుతుందో వాళ్ళకే తెలుస్తుంది. ఇక్కడ కన్నడం, మరాఠీ మాట్లాడే ఇళ్ళూ ఉన్నాయి, ఆ మాటలూ నాలుగు రాసుకుంటాను. నోటుబుక్కు మొదటి పేజీ ఖాళీగా వదులుతాను, ఇంటివాళ్ళు చెప్పింది రాయడానికి. అంకెలు రెండో పేజీ నుంచే.

నెల తర్వాత మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. కొత్త వైరు పైనుంచి లాగారు, గుంజ కట్టెది పాతారు. అవ్వ దుడ్డెను పట్టుకుని వాకిట్లోనే నిలబడింది, కట్టడానికి చెయ్యి రావట్లేదు. అన్నీ ఆపి మీటరు ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాను. లైటు ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు. "కట్టవ్వా" అన్నాను. ముందు తాను వట్టికాళ్ళతో కొట్టంలోకి పోయి, గుంజను చేత్తో పట్టుకుని చూసి, ఆ తర్వాత దుడ్డెను కట్టింది.