విప్పిన మోటారు

గుంటూరు మిర్చియార్డులో తరుగు పేరుతో టిక్కీబస్తాకు కిలో బరువు కోసినచో కమీషను వ్యాపారితో జాముసేపు వాదింపగలవాడును, పత్తి కొనుగోలు కేంద్రములో తేమ 8 శాతము దాటినదా, 12 శాతములోపల నున్నదా యని యంత్రమువంక ఱెప్పవాల్పక చూడగలవాడును నగు వినుకొండ ప్రాంతపు రైతు, పొలములోని బోరు మోటారు కాలిన మఱుక్షణమే తన లెక్కలన్నియు గట్టుమీద విడిచివచ్చి, వైండింగు దుకాణము ముందు నిలిచి, “ఎంతో కొంత, నువ్వే చూసి చెయ్యి మేస్త్రీ” యనుట నాకు చిరకాలముగా నాశ్చర్యము గొల్పుచున్న విషయము.

ఆ యౌదార్యమునకు హేతువు లేకపోలేదు. కాలువనీ రందని మెట్టపొలములో మిరపతోట పూతమీద నున్నప్పుడు తడి తప్పినచో పూత రాలును. అప్పటికే చెయిన్ పుల్లీవాండ్రు వందల అడుగుల లోతునుండి పైపు లొక్కొక్కటి విప్పి, మోటారును పైకిదీసి, తీసిన కూలి పుచ్చుకొని పోయియుందురు. దుకాణములో ధర యడిగినవానికి లభించు ప్రత్యుత్తరము సర్వత్ర యొక్కటే: “ముందు విప్పి చూడనీ బాబాయ్, చూసినాక చెప్తా.” విప్పుటయు నగును, కాలిన చుట్టలు బల్లమీద పఱచుటయు నగును, ఆ మీదట చెప్పిన ధర యధర్మమని తోచినను, ఆ ముక్కల నొక గోతాములో మూటగట్టి నరసరావుపేట బస్సెక్కువా డెవ్వడు? కావున ధర న్యాయమా, అన్యాయమా యను విచారణకు తగిన కాలము మోటారు విప్పకముందు గల యా కొద్ది నిమిషములే. విప్పి చూచినందుకే కూలి యెంత, పని చేయింపక తీసికొనిపోయినచో నీయవలసిన దెంత యని ముందుగా నడిగినవానికి తక్కిన సంభాషణ సులభమగును.

పిమ్మట పరిశీలింపదగినది మొత్తము కాదు, దాని విభాగము. రీవైండింగు ఖర్చులో రాగితీగదే పెద్దపాలు. గాడి కెన్ని టర్నులు, తీగ యే గేజు అని మేస్త్రి పాతచుట్ట విప్పుచు వ్రాసికొనును. క్రొత్తతీగను తూచి వేయును. నీట మునుగు మోటారుకు ప్లాస్టిక్కు తొడుగుగల ప్రత్యేకపు తీగ వలయును గనుక, దాని వెలను సామాన్యమగు ఎనామిలు తీగ వెలతో పోల్చుట యన్యాయము. తీగ మందము తగ్గించినను, రాగికి బదులు అల్యూమినియము చుట్టినను ధర చౌకగా గనబడును. ఆ చౌకతనము వేసవిలో బయటపడును. ఇన్నిటిని విచారించువారును తఱచుగా మఱచునది కాలిన పాతరాగి. అది మోటారు యజమానుని సొత్తు. పాతసామానుల కొట్టులో రొక్కము పలుకునది. దానిని దుకాణమువారే యుంచుకొనుట యాచారమైనచో కానిండు. దాని విలువ యంచనాలో తగ్గింపబడినదా లేదా యని మాత్ర మడిగి తీరవలెను.

ఈ విచారణ నేటిది కాదు. కౌటిల్యు డర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ యధికరణమును చేతిపనివారి వ్యవహారముతోనే యారంభించి, రాగిపనికి నూటికైదు వేతనముగా నిర్ణయించి, రాగిముద్ద పనిలో పదియవపాలు తరుగునని కూడ లెక్కగట్టెను. గడువు దాటించినవాని కూలిలో పాదము కోయించెను. తరుగు నంత సూక్ష్మముగా తూచిన యా మహానుభావుడే, నైపుణ్యవిశేషమునుబట్టి వేతనము రెట్టింపు కావచ్చు నని యొప్పుకొనుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

ఏలయన, బేరము సామానుమీద నాడవలెను గాని విద్యమీద కాదు. మూడు ఫేజులలో నొకటి పోయినప్పుడు మోటారు తక్కిన రెంటిమీదనే నడువబూని, వేడెక్కి కాలును; దానిని ఆపవలసిన రిలే స్టార్టరులో చెడియుండును, లేదా యెవరో దానిని తప్పించి తీగ నేరుగా కలిపియుందురు. ఈ కారణము నడుగక క్రొత్తతీగ చుట్టి పంపిన చౌక మేస్త్రికంటె, “స్టార్టరు కూడా తీసుకురా” యని గద్దించి కొంత యధికముగా పుచ్చుకొన్న మేస్త్రియే నిజమునకు చౌక.

ఇంటిపనులలో నీ చిక్కు కొంత తక్కువ. తాపీపనియు, రంగులపనియు కొలతకు లొంగును. ప్రభుత్వపు ఇంజనీరింగు శాఖల ధరల పట్టికలో తాపీవాని కూలి మొదలగునవి ముద్రితములై యుండును గనుక పోల్చుకొనుట కొక యాధారమున్నది. గుత్తకిచ్చిన పని పరుగెత్తును, రోజుకూలిపని కునుకు తీయును. దేనికి కావలి యుండవలెనో యెవరి ఓపికనుబట్టి వారు నిర్ణయించుకొందురు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము బిల్లు ఈయకపోవుటను అనుచిత వ్యాపారపద్ధతులలో చేర్చినది. ఆ బిల్లు సిగరెట్టుపెట్టె యట్టమీద వ్రాయబడినను, తీగ బరువు, బేరింగులు, కూలి వేఱువేఱుగా నున్నచో నే నంతటితో తృప్తి నొందుదును.

మేస్త్రి పక్షమున చెప్పవలసిన మాట యొకటి మిగిలినది. రాగితీగ నతడు గుంటూరులో రొక్కమునకు కొనును. రైతు మాత్రము “కాయలు అమ్మినాక ఇస్తాలే” యని మోటారు నెత్తుకొని పోవును. కాయలు కోసి, కల్లములో ఎండబెట్టి, యార్డులో ధర పలుకునంతవఱకు నెలలు గడచును. కొన్ని బాకీలు ధర పడిపోయిన యేట పూర్తిగా మునుగును. ఆ నెలల వడ్డీయు, మునిగిన బాకీల నష్టమును మేస్త్రి చెప్పు అంచనాలో పేరులేని పద్దులై యుండును. అప్పటికప్పుడు రొక్కము చెల్లించువాడును తనకు తెలియకయే యా వడ్డీ చెల్లించుచుండును. కనుక వినుకొండ వైండింగు దుకాణములో నడుగవలసినది రెండు ధరలు: ఇప్పుడిచ్చిన నెంత, పంట చేతికి వచ్చినాక నిచ్చిన నెంత. ఆ రెంటి నడుమ నున్న అంతరము మేస్త్రికి కంఠస్థమే.