ఎంగిలి దిగడం ల్యా

మా చెల్లెలి కూతురు కర్నూల్లో నా దగ్గరే ఉండి ఎన్‌క్లెక్స్‌కు చదువుతాంది. అమెరికాలో నర్సు పని చెయ్యాలంటే పాసు కావాల్సిన లైసెన్సు పరీక్ష అది. 2023 ఏప్రిల్ నుంచి దాంట్లో కొత్త రకం ప్రశ్నలు పెట్టినారు. ఒక రోగి కథ ఇచ్చి, దాని మీదే వరుసగా ఆరు ప్రశ్నలు అడుగుతారు. రోగిలో ఏం గమనించినావు, దాని అర్థమేంది, ఏది ముందు ప్రమాదం, ఏమేం చెయ్యొచ్చు, ఏం చేస్తావు, చేసినాక గుణం కనపడిందా. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు క్లినికల్ జడ్జిమెంట్.

మొన్న రాత్రి అట్లాంటి ప్రశ్న ఒకటి వచ్చింది. రోగికి కనురెప్పలు వాలిపోతాండాయి, మింగలేకపోతాండాడు. "పెద్దమ్మా, ముందు ఏది పట్టించుకోవాల?" అనడిగింది. "మింగలేకపోవడం. ఆ తర్వాత ఊపిరే" అన్నా. "చదవకుండానే ఎట్ల చెప్పినావు?" అంది.

1996లో చెప్పాల్సిన జవాబు అది.

అప్పుడు నేను జనరల్ నర్సింగు రెండో సంవత్సరం. ఏ ఆసుపత్రో రాయను. ఎస్సీ సీటులో చేరినదాన్ని. ఎవరన్నా అడిగితే "మేము క్రిస్టియన్లం" అనేదాన్ని. అబద్ధం కాదు. మా జేజిని జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో తెల్లదొరసానులు ముట్టుకోని పురుడు పోసినారని ఇంట్లో చెప్పేవాళ్లు. ఆ చెయ్యి తగిలినాకే మేము గుడి మెట్లు మరిచి చర్చికి పోయినాము. అబద్ధం కాకపోయినా, అది దాపరికమే. మాట గూడా మార్చుకున్నా. "ల్యా" పోయి "లేదు" వచ్చింది, "యాడ" పోయి "ఎక్కడ" వచ్చింది. మా యమ్మ చూడను వస్తే గేటు కాడే మాట్లాడి బస్సెక్కించేదాన్ని.

వానాకాలం. తెల్లారుజామున కోవెలకుంట్ల దిక్కు నుంచి ఒకామెను తెచ్చినారు. కలుపు కూలికి పోయే మనిషి. ఇంట్లో నేల మీద పండుకోనింది, నడిరేయి కడుపు నొప్పితో లేచింది. అంతే. వాపు లేదు, గాయం లేదు, జ్వరం లేదు. డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టరు మంచం కాళ్ల దగ్గరే నిలబడి, రెండు బారల దూరం నుంచి "ఏమైంది? తాగినావా?" అనడిగింది. నాడి పట్టలేదు. కంటిరెప్ప ఎత్తి చూడలేదు. చీర చూసింది, కాళ్ల పగుళ్లు చూసింది, తీర్పు చెప్పింది. "ఏం లేదు, నీరసం. గ్లూకోజు పెట్టండి."

పాఠంలో మాకు చెప్పింది వేరే. చూడు, తాకు, తట్టి చూడు, విను. పరీక్షలో నాలుగూ రాసి మార్కులు తెచ్చుకున్నోళ్లే అందరూ. నా మార్కులను "కోటా మార్కులు" అన్నోళ్లు గూడా.

నేను సూది పెట్టను పోతే ఆమె నా చెయ్యి పట్టుకోనింది. "మ్మేయ్ బిడ్డా, కండ్లు మూతలు పడతాండాయి. ఎంగిలి దిగడం ల్యా" అనింది. పెదవి మూల నుంచి ఎంగిలి కారతాండాది. ఆ మాట ఆ వార్డులో నాకే అర్థమయింది. అది మా యమ్మ మాట. గొంతు కండరాలు పని చెయ్యడం లేదని అర్థం. ఇంతలోనే ఆమె "మీదే ఊరు బిడ్డా? ఎవురోళ్లు మీరు?" అనడిగింది. పక్క మంచాలోళ్లు తల తిప్పి చూసినారు.

నేను చెయ్యి విడిపించుకున్నా. కేసు షీటులో "నీరసం" అని రాసినా. పెద్ద సిస్టరుకు చెప్పలేదు. చెప్తే "దాని మాట నీకెట్ల తెలుసు?" అంటాదని భయం.

తొమ్మిది గంటలకు ఊపిరి ఆగిపోయింది. డాక్టరు పరుగెత్తుకొచ్చినాడు, గాలి బుడ్డ ఒత్తినారు. అప్పటికే ఆలస్యమైంది. మధ్యాన్నం ఆమె కొడుకు ఈత చాప కింద దొరికిన కట్లపామును చంపి సంచిలో తెచ్చినాడు. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి తెలియకపోవచ్చు, గాటు కనపడకపోవచ్చు. కడుపు నొప్పి వస్తాది, రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. పాము మందు ఎక్కించి, గాలి యంత్రంతో ఊపిరి నిలబెడితే బతికే అవకాశముంది. చిహ్నాలన్నీ ఆమే చెప్పింది. మేమే గుర్తుపట్టలేదు. కాదు, నేను గుర్తుపట్టి దాచినా.

మా నర్సింగు బడిలో నైటింగేలు పటముండె. 1897లో పూనాలో ప్లేగు రోగులకు సేవ చేస్తా, ఆ ప్లేగే తగిలి చనిపోయిన సావిత్రీబాయి పూలే పేరు మాకెవరూ చెప్పలేదు. చెప్పింటే ఆ పొద్దు నా చెయ్యి ఆగిండేదేమో. ఇది సాకే, నాకు తెలుసు.

మా పుస్తకాలు గూడా మా ఒంటి రంగు మీద రాసినవి కావు. ప్రాణవాయువు తగ్గితే "చర్మం నీలంగా మారును" అని ఉండె. మా నల్లటి ఒంటి మీద ఆ నీలం యాడ కనపడుతుంది? నాలుక చూడాల, పెదవి లోపల చూడాల, రెప్ప కింద చూడాల. అంటే ముట్టుకోవాల. వేలికి తగిలించే ఆక్సిమీటరు వచ్చింది గదా అంటారు. 2020లో అమెరికాలో లెక్క తీస్తే, ప్రాణవాయువు తగ్గినా ఆ యంత్రం పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. యంత్రానికి కులం లేదనుకున్నా. దానికీ రంగు ఉండాది.

ఇప్పుడు నా వార్డుకు వచ్చే ప్రతి స్టూడెంటుకు ముందు ఒకటి నేర్పిస్తా. రెప్పలు వాలిన రోగిని ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమను. గంట గంటకు మళ్లీ అడుగు. లెక్క తగ్గుతాందంటే ఊపిరి జారుతాందని, డాక్టరు వచ్చేదాకా వదలద్దు. లెక్క రానోళ్లుంటే వాళ్ల బిడ్డల పేర్లు చెప్పమను. ఏ పుస్తకంలో లేదు అది. మనోళ్లలో చాలామందికి అదే లెక్క.

ఇదంతా విని మా పిల్ల కంప్యూటరు మూసేసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆమె పేరేంది పెద్దమ్మా?" అనడిగింది.

కేసు షీటులో పేరు రాసింది గూడా నేనే. చెప్పినా.