ఉమ్మెత్తకాయ నేర్పిన పాఠం

వ్యాధి కంటె వదంతికి వేగం ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో, మామిడికాయలు ముదురుతున్న వేళ, మా ముసునూరులో ఈ సత్యం మాకు అనుభవంలోకి వచ్చింది.

ముళ్ల ఉమ్మెత్తకాయ కరోనా క్రిమి ఆకారంలో ఉన్నది గనుక దాని గింజల రసమే విరుగుడని ఒక మాట సెల్‌ఫోనులో వచ్చింది. అన్నదమ్ములం మేము నమ్మాము; నలుగురికీ పంపాము. తోట కంచె వెంట కాయలు కోసి నూరబోతుండగా మా నాయనమ్మ, "మేకలు కూడా ముట్టని కాయ మనకెందుకర్రా?" అని రోలు ముందు నుండి లేపివేసింది.

అటువంటి రసమే త్రాగి చిత్తూరు జిల్లాలో కొందరు ఆసుపత్రి పాలైనారని తరువాత పత్రికలో చదివాము. మా గుండె జల్లుమన్నది. మాట పంపిన వారందరికీ ఫోను చేశాము. ఒక ఇంటి నుండి సమాధానం లేదు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. తెల్లవారిన పిమ్మట వారు క్షేమమని తెలిసింది.

ఉమ్మెత్తలో అట్రోపిన్ అనే పదార్థమున్నది. వైద్యుని చేతి కొలతలో అది మందు. కొలత తెలియని మా చేతిలో మతి చెదరగొట్టే విషం. సబ్బు క్రిమి పైనున్న కొవ్వుపొరను కరిగిస్తుందన్నది పరీక్షకు నిలిచిన మాట. ఎండలకు కరోనా చస్తుందన్న మాట 2021 వేసవిలో, మళ్లీ మామిడి పండే వేళకే, అబద్ధమని తేలిపోయింది.

నాటి నుండి, "దీనిని ఎవరు పరీక్షించారు?" అని అడుగకుండా ఏ మందు మాటనూ మేము మరొకరికి చేరవేయలేదు.